పోస్టు చెయ్యని ఉత్తరాలు

మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది స్కూలు గోడమీద పటం. ఎత్తు టోపీ, కొసతేలిన గడ్డం, నల్లకళ్ళద్దాలు. పటంతోపాటు నాలుగు ముక్కలు: 1888లో మక్కాలో పుట్టారు, 1923లో ముప్ఫయి అయిదేళ్ళు నిండకుండానే కాంగ్రెసు అధ్యక్షులయ్యారు, 1947 నుంచి 1958లో పోయేదాకా విద్యామంత్రిగా ఉన్నారు. బట్టీ పడతాం, పరీక్ష అయిపోగానే మరిచిపోతాం. నేనూ అంతే.

ఈమధ్య ఆయన పుస్తకాలు రెండు ఒకదాని వెంట ఒకటి చదివాను. చదివాక, ఈ రెండూ ఒక్క మనిషే చెప్పాడా అని సందేహం వచ్చింది. ఆ సందేహం మీ ముందు పెడదామనే ఈ నాలుగు మాటలూ.

మొదటిది ‘ఇండియా విన్స్ ఫ్రీడమ్’. ఆయన ఉర్దూలో చెబుతూంటే హుమాయూన్ కబీర్ ఇంగ్లీషులో రాశారు. ఆయన పోయిన మరుసటేడు, 1959లో, అచ్చయింది. అందులో ముప్ఫయి పేజీలు మాత్రం అప్పుడు వెయ్యకుండా సీలు వేసి, కలకత్తాలోనూ ఢిల్లీలోనూ దాచారు. ముప్ఫయ్యేళ్ళు గడిచాకే తెరవాలని షరతు. కోర్టు వ్యవహారాలన్నీ దాటి 1988లో ఆ పేజీలు బయటికొచ్చాయి.

తీరా తెరిస్తే ఏముంది? సహచరుల మీద కాస్త ఘాటైన మాటలు. 1946లో తాను అధ్యక్షపదవి నుంచి తప్పుకుని నెహ్రూ పేరు సూచించడం పొరపాటనీ, తప్పుకున్నప్పుడు పటేల్‌ని బలపరచకపోవడం ఇంకో పొరపాటనీ పశ్చాత్తాపం. పుస్తకంలో తప్పులున్నాయని విమర్శించినవాళ్ళూ ఉన్నారు. రాజమోహన్ గాంధీ అయితే 1989లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు.

ఆ లెక్కలు చరిత్రకారులకి వదిలేస్తాను. కేబినెట్ మిషన్ నాటి సంగతులు తెలియాలంటే ఈ పుస్తకం చదివి తీరాలి. దేశవిభజన వద్దని చివరిదాకా వాదించి ఓడిపోయినవాడి బాధ అందులో ఉంది, కాదనను. కాని నవలలు రాసుకునేదాన్ని కదా, నాకు మనిషి కావాలి. ఆ మనిషే ఇందులో సరిగ్గా కనపడడు. ఎవరు ఎవరితో ఏమన్నారు, తీర్మానం ఏమైంది... పేజీల తరబడి ఇదే. 1912లో ‘అల్ హిలాల్’ పత్రిక పెట్టి ఉర్దూ వచనాన్నే కొత్తదారి పట్టించిన మనిషి గొంతు, ఇంకొకరి ఇంగ్లీషులో ఎక్కడికో పోయింది.

ఇక రెండో పుస్తకం ‘గుబార్ ఎ ఖాతిర్’. మనసులో పేరుకున్న దుమ్ము అని చెప్పుకోవచ్చు. నాకు ఉర్దూ రాదు. ఇంగ్లీషులో చదివాను. అలా చదివితేనే ఇంత రుచిగా ఉంటే, అసలు ఎలా ఉంటుందో అని అసూయపడ్డాను కూడా.

1942 ఆగస్టు 9న క్విట్ ఇండియా తీర్మానం అయిన మర్నాడే నాయకులందర్నీ పట్టుకుని అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. మన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారూ వాళ్ళలో ఉన్నారు. నెహ్రూ ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’, పట్టాభిగారి ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ ఆ గోడల మధ్య పుట్టినవే. ఆజాద్ మాత్రం ఒక స్నేహితుడికి ఉత్తరాలు రాసుకున్నారు. ఆ స్నేహితుడు హబీబుర్ రహమాన్ ఖాన్ షేర్వానీ. మన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి వైస్‌ఛాన్సలర్. ఈ ఉత్తరాలేవీ జైలునుంచి ఆయనకు పోస్టు కాలేదు. 1946లో పుస్తకంగా వచ్చాయి.

వాటిలో రాజకీయం దాదాపు లేదండీ! తెల్లవారకముందే లేచి తనే కాచుకునే చైనా టీ గురించి పేజీలకి పేజీలు. పాలూ పంచదారా పోసి కాచేది టీయే కాదు, ఒకరకం హల్వా అని ఎద్దేవా. మనిళ్ళలో అల్లం, యాలకులు కూడా వేసి మరిగిస్తామని తెలిస్తే ఏమనేవారో! గదిలో గూడు కట్టే పిచ్చుకలతో యుద్ధం ఇంకో కథ. ముందు తరిమారు. ఓడిపోయారు. సంధి చేసుకుని బియ్యపు గింజలు పెట్టడం మొదలెట్టారు. చివరికి అవి ఆయన చేతిమీదే వాలేవట. ఒకదానికి ‘కలందర్’ అని, ఒకదానికి ‘ముల్లా’ అని పేర్లు కూడా. స్కూలు గోడమీద బొమ్మ కదిలి నవ్వినట్టయింది నాకు.

ఇలా నవ్వుతూ చదువుతూంటే 1943 ఏప్రిల్ ఉత్తరం వస్తుంది. ఆయన భార్య జులేఖా బేగం కలకత్తాలో జబ్బుపడ్డారు. అంతకుముందు 1941లో ఆయన నైనీ జైల్లో ఉన్నప్పుడూ ఆవిడకి బాగోలేదు. ఆయన దిగులు పడతారని అప్పుడు ఆ సంగతి తెలియనివ్వలేదు. ఈసారి తెలిసింది. ప్రభుత్వాన్ని ఏమైనా కోరదలిస్తే పంపుతానని జైలు అధికారి అన్నాడు. నెహ్రూ కూడా వచ్చి మాట్లాడారు. ఆయన ససేమిరా అన్నారు. ఈ ప్రభుత్వాన్ని నేనేమీ అడగను అన్నారు. ఆవిడ పోయారు.

ఆ రోజుల్లో ఎప్పటిలాగే వేళకి భోజనానికి వెళ్ళి కూర్చున్నారాయన. ఈ ముక్క విని, ఎంత ధీరోదాత్తుడో అని జీవితచరిత్రలు రాసేవాళ్ళు మురిసిపోతారు. కాని ఆయన అక్కడితో ఆగలేదు. ఆ నిబ్బరమంతా ఒక నటన, లోపలి అహంకారం ఆడించిన వేషం అని తనే ఒప్పుకున్నారు. కోటలో ఒక పాతసమాధి ఉందిట. ఎవరిదో తెలియదు. ఎన్నోసార్లు చూసినదే, ఈ కబురు వచ్చాక మాత్రం అటే మనసు లాగుతోందని రాశారు. నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

సీలు వేసిన ముప్ఫయి పేజీల కోసం దేశమంతా గోల పెట్టింది. ఇతరుల పొరపాట్లని సీలు వేసి దాచిన మనిషి, తన నిబ్బరం నటనేనన్న మాటని మాత్రం పన్నెండేళ్ళు ముందే, తాను బతికుండగానే, నలుగురి ముందూ పెట్టాడు. ఆత్మకథ అనదగ్గది ఈ ఉత్తరాలే అని నా అభిప్రాయం.

అయినా ఒక ఆడదానిగా నాకు అసంతృప్తి మిగిలింది. 1942 ఆగస్టులో బొంబాయికి బయల్దేరుతూంటే ఆవిడ గుమ్మందాకా వచ్చి వీడ్కోలు మాట తప్ప ఇంకేమీ అనలేదట. ఆ ముఖం చెప్పినదేమిటో ఆయనకి తరవాతే అర్థమయింది. ఆవిడ ధైర్యాన్ని, సహనాన్ని మెచ్చుకున్నారు, నిజమే. మెచ్చుకున్నంత మాత్రాన మనిషి కనపడుతుందా? ఆవిడ నోట ఒక్క వాక్యమైనా వినిపించకుండానే పుస్తకం అయిపోతుంది.

ఆవిడకి మాట్లాడడం రాక కాదు సుమా! 1922 ఫిబ్రవరిలో ఆజాద్‌కి ఏడాది కఠినశిక్ష పడింది. అప్పుడు ఆవిడే గాంధీగారికి తంతి పంపారు. శిక్ష ఇంత తక్కువగా వేశారేమిటని ఆశ్చర్యపోతూ, బెంగాల్లో ఆయన లేని లోటు తాను పూడుస్తానని. గాంధీగారు దాన్ని తన పత్రికలో వేసుకున్నారు. అంత మాట అనగలిగిన మనిషి, ఇరవయ్యేళ్ళ తరవాత గుమ్మంలో నిలబడి ఏమీ అనకుండా ఊరుకుందంటే, మధ్యలో ఎన్ని జైళ్ళు, ఎన్ని ఎదురుచూపులు! ఆ ఇరవయ్యేళ్ళ కథే నాకు కావాలి. అది ఆయన రాయలేదు. ఆవిణ్ణి రాయమని అడిగినవాళ్ళు ఉన్నట్టూ లేదు.

ఆజాద్‌కి 1992లో, మరణానంతరం, భారతరత్న ఇచ్చారు. 1998లో హైదరాబాదులో ఆయన పేరున ఉర్దూ విశ్వవిద్యాలయం వెలిసింది. 2008 నుంచి ఆయన పుట్టినరోజు నవంబరు 11ని జాతీయ విద్యాదినం చేశారు. ఇవన్నీ ఆ పటానికి వేసిన దండలు. మీరు మాత్రం పటం దగ్గర ఆగిపోకండి. ముందు ఉత్తరాలు చదవండి, ఆ తరవాత రాజకీయాల పుస్తకం చదవండి. అప్పుడు ఆ తీర్మానాల మధ్య కూర్చున్న మనిషెవరో మీకు ముందే తెలిసి ఉంటుంది. గుమ్మంలో నిలబడ్డ ఆవిణ్ణి కూడా మరిచిపోకండి.