భక్తుని మొర, భగవంతుని జాగు

గౌరీబిదనూరు తాలూకాలోని తొండేభావి పరిసరములలో తెలుగు, కన్నడము ఒకే వాకిట వినవచ్చును. అదే తాలూకాయందలి విదురాశ్వత్థమున, సంతానము గోరి దంపతులు ప్రతిష్ఠించిన నాగశిలలు లెక్కకు మిక్కిలిగా గలవు. వానిలో ఏది ఫలించిన మొక్కో, ఏది ఫలింపనిదో శిలను జూచి చెప్పజాలము. మొక్కు ఫలింపనివారికి మన భక్తివాఙ్మయము ఏమి యిచ్చుచున్నది?

పోతన గజేంద్రమోక్షణమును ఆపదలు దీర్చు పారాయణముగా చదువుట ఆచారము. ఆచారమును కాదనను. కాని దానివెంట ఒక హానియు గలదు. చదివినను ఆపద తీరనివాడు లోపము తన భక్తియందే యున్నదని క్రుంగును. ఇరుగుపొరుగువారును అట్లే యందురు. ఈ నింద పోతన కావ్యము ముందు నిలువదు. వ్యాసుని మూలమున ఏనుగు మొసలుల పోరు వేయేండ్లు సాగినది. అందలి గజేంద్రస్తుతి మిక్కిలిగా వేదాంతపరము. పోతన యన్ననో, దేవుడున్నాడో లేడో యను సంశయమును ఆ యేనుగు నోటనే పలికించెను. సంశయించునపుడు గజేంద్రుడు ప్రథమపురుషలో మాటాడును. బలముడిగి ప్రాణములు తల్లడిల్లు వేళ మధ్యమపురుషకు మరలి, ఎదుట లేనివానిని 'నీవు' అని పిలుచును. అప్పటికి సమాధానమేదియు రాలేదు. పిలుపే ముందు వచ్చినది. వైకుంఠమున హరి పరుగిడుట శ్రోతలమైన మనకు తెలియును. మడుగులోని యేనుగునకు తెలియదు. ఈ పద్యములలోని వేదన కెల్ల మూలమిదియే.

కడపట రక్షణ గలిగినది గదా యందురేమో. అందులకే రామదాసును చదువవలెను. పాల్వంచ పరగణా తహసీలుదారు కంచెర్ల గోపన్న, సర్కారు సొమ్మును భద్రాచల దేవాలయమునకు వెచ్చించినందులకు, 1672 మొదలు 1687 వరకు గోలకొండ నేలిన తానీషా చెరలో పండ్రెండేండ్లు మగ్గెనని ప్రతీతి. రామలక్ష్మణులు వచ్చి పైకము చెల్లించిన కథ మనకు తెలిసినది. చెరసాలనాటివిగా ప్రసిద్ధమైన మొరలలో నున్నది మాత్రము నిరీక్షణయే. ఒక కీర్తనలో సీతమ్మకు, రాముని తమ్ములకు చేయించిన నగల వెల లెక్కగట్టి చూపి, రాముని నిలదీయును. ప్రార్థనలో జమాఖర్చుల భాష దూరుట కొందరికి రుచింపదు. నాకు మాత్రము ఆ కీర్తన బలమంతయు అందే యున్నట్లు తోచును. ఉద్యోగి తనకు వచ్చిన భాషలోనే మొరపెట్టుకొనెను; కోపము వచ్చినను వేరొక దేవుని వాకిటికి పోలేదు. తుదకు, దెబ్బలు తాళలేక తిట్టితినని ఆ రామునే క్షమింప వేడుచు, ఆ కీర్తన చెరలోనే ముగియును.