ద్విభాషా పాఠ్యపుస్తకంలో లేని మూడో భాష: వేదాద్రి పరిసరాల నేపథ్యంలో ఆంగ్లబోధనపై విమర్శ

వ్యాససంగ్రహం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో 2020–21 విద్యాసంవత్సరం నుంచి ప్రవేశపెట్టిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఒకే పాఠాన్ని ఎదురెదురు పుటల్లో ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఇస్తాయి. ఇంగ్లీషు నేర్పే సాధనంగా ఈ పద్ధతికున్న పరిమితిని వేదాద్రి, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంత విద్యార్థుల ఇంటిభాషను దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ద్విభాషా పుస్తకం, ఆంగ్లబోధన, ఇంటిభాష, వ్యతిరేకార్థక తులన, గిడుగు.

ఉపోద్ఘాతం

ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని నిర్దేశిస్తూ 2019 నవంబరులో ఉత్తర్వులు వెలువడ్డాయి. వాటిని రాష్ట్ర హైకోర్టు 2020 ఏప్రిల్ 15న కొట్టివేసింది. అప్పటి వాదోపవాదాలన్నీ ఏ మాధ్యమం అనే ప్రశ్న చుట్టూ తిరిగాయి. ఇంగ్లీషు ఎలా నేర్పాలన్న ప్రశ్న వెనకబడింది.

ఇంగ్లీషు కావాలన్న కోరిక న్యాయమైనది. పత్తి చేలల్లో, మిరప తోటల్లో కూలికి వెళ్ళే తల్లి తన బిడ్డకు ఇంగ్లీషు రావాలనుకుంటే, మాతృభాష ఔన్నత్యం గురించిన ఉపన్యాసం ఆమెకు సమాధానం కాదు. కంచ ఐలయ్య వంటి ఆలోచనాపరులు ఇంగ్లీషును సామాజిక సమానత్వ సాధనంగా చూడటంలోని బలం ఇదే. అందువల్ల ఇక్కడ విమర్శ ఆ ఆశయం మీద కాదు, దాన్ని నెరవేర్చడానికి ఎంచుకున్న బోధనోపకరణం మీద.

1. రెండు పుటలు, మూడు భాషలు

వేదాలే కొండగా వెలశాయని స్థలపురాణం చెప్పే వేదాద్రి కృష్ణాతీరంలో, జగ్గయ్యపేట మండలంలో ఉంది. నేటి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ ప్రాంతం పూర్వపు కృష్ణాజిల్లా మెట్ట. నల్లరేగడి చేలు, సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు, మిర్చి కల్లాలు ఇక్కడి పిల్లలకు చిరపరిచితాలు.

ఈ పిల్లలు విజ్ఞానశాస్త్ర పాఠంలో ‘ఇవాపొరేషన్’ అన్న మాటను చూస్తారు. ఎదుటి పుటలో ‘బాష్పీభవనం’ ఉంటుంది. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లో తడి ఇగిరిపోవడం వారు ఏటా చూసేదే. అయితే ‘ఇగరడం’ అన్న మాటకు రెండు పుటల్లోనూ చోటు లేదు. ‘సెడిమెంటరీ రాక్’ ఎదుట ‘అవక్షేప శిల’ నిలుస్తుంది. ఇంటి ముందు లారీల్లో వెళ్ళే సున్నపురాయి అటువంటి శిలేనన్న ఎరుక ఆ జంట పదాల వల్ల కలగదు. ఒక తెలియని మాటకు మరో తెలియని మాట అర్థంగా దొరుకుతుంది. ‘ఒండ్రు నేల’ వంటి మాటలు పాఠ్యపుస్తకాల్లో నిలదొక్కుకోవడాన్ని బట్టి, జనం మాట శాస్త్రానికి అనర్హం కాదని స్పష్టమవుతోంది.

మొదటి భాషలో ఏర్పడిన భావనాజ్ఞానం రెండో భాషకు ఆధారమవుతుందని జిమ్ కమిన్స్ 1979లో ప్రతిపాదించాడు. ద్విభాషా పుస్తకానికి సైద్ధాంతిక సమర్థన ఇక్కడే ఉంది. కాని మొదటి భాషగా పుస్తకం ఇస్తున్న తెలుగు ఆ విద్యార్థికి నిజంగా మొదటి భాషేనా అన్నది అసలు ప్రశ్న.

2. అద్దం దాచే తేడా

పదజాలం కన్నా వాక్యనిర్మాణంలో ఈ సమస్య లోతైనది. “నీరు వేడి చేయబడినప్పుడు ఆవిరిగా మార్చబడుతుంది” అనే తరహా వాక్యాన్ని పరిశీలిద్దాం. ఇది తెలుగు లిపిలో ఉన్న ఇంగ్లీషు వాక్యం. విద్యార్థి మాత్రం “నీళ్ళు కాగితే ఆవిరవుతాయి” అంటాడు. కర్త ఎవరో చెప్పకుండా పనిని చెప్పడానికి తెలుగుకు కర్మణి ప్రయోగం అవసరం లేదు, ఇంగ్లీషు తరచుగా దాన్నే ఆశ్రయిస్తుంది. నేర్పవలసింది సరిగ్గా ఆ తేడానే. తెలుగు పుట ఇంగ్లీషు పుటను అనుకరించినప్పుడు ఆ తేడా కంటికి కనిపించకుండా పోతుంది.

ఇటువంటివి మరికొన్ని. “నాకు జ్వరం వచ్చింది” అనే తెలుగు వాక్యంలో అనుభవించేవాడు చతుర్థిలో ఉంటాడు. ఇంగ్లీషులో “ఐ హావ్ ఎ ఫీవర్” అంటూ అతడే కర్త అవుతాడు. ‘మనం’, ‘మేము’ అన్న రెండు మాటలకూ ఇంగ్లీషులో ‘వుయ్’ ఒక్కటే. “లేచి, తిని, బడికి వెళ్ళాను” అని తెలుగు క్త్వార్థకాలతో సాగే వాక్యాన్ని ఇంగ్లీషు ‘అండ్’తోనో, ‘ఆఫ్టర్’తోనో కట్టాలి. ‘ఎ’ అనే ఉపపదానికి ‘ఒక’ అని అర్థం చెబితే, ‘వన్’ రాయడంలో విద్యార్థి తప్పేముంది? వీటిని పోల్చి చూపే అవకాశం ఎదురెదురు పుటలకు పుష్కలంగా ఉంది. అద్దంలా ఒకేలా ఉండాలన్న నియమం ఆ అవకాశాన్ని వదులుకుంటోంది.

3. వ్యావహారికోద్యమం ఇచ్చే పాఠం

ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో ఉత్తరాంధ్రలో పాఠశాలల పర్యవేక్షణాధికారిగా ఉన్న జె.ఎ.యేట్స్ ఇంగ్లీషు బోధనలో ప్రత్యక్ష పద్ధతిని ప్రోత్సహించాడు. సజీవభాషను మాటతో మొదలుపెట్టి నేర్పాలన్నది దాని మూలసూత్రం. ఆ సూత్రాన్ని తెలుగుకు అన్వయించగానే, బడిలో నేర్పే తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ మధ్య ఉన్న అగాధం బయటపడింది. గిడుగు రామమూర్తి (1863–1940), గురజాడ అప్పారావుల వ్యావహారిక భాషోద్యమానికి ఇదొక ప్రేరణ. గిడుగు సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాశాడు. ఇంటిభాష బడిలోకి రావాలన్న సూత్రం ఆయనకు తెలుగుతో ఆగిపోలేదు.

ఇంగ్లీషు బోధనపై ఆలోచన ఒకప్పుడు తెలుగు బోధనను ప్రశ్నించింది. నేటి ద్విభాషా పుస్తకం ఆ ప్రశ్నను మరచింది.

ప్రత్యక్ష పద్ధతి తరగతిలో మాతృభాషను దూరం పెట్టిన మాట నిజమే. అయితే ఆ కట్టడి తప్పనిసరి కాదని తర్వాతి ప్రయోగాలు తెలిపాయి. 1979–84 మధ్య ఎన్.ఎస్.ప్రభు నిర్వహించిన బెంగుళూరు ప్రాజెక్టు అర్థవంతమైన పనుల ద్వారా ఇంగ్లీషు నేర్పడానికి ప్రయత్నించింది. అందులో విద్యార్థులు తమ భాష వాడటాన్ని నిషేధించలేదు.

ముగింపు

రాష్ట్రమంతటికీ ఒకే పుస్తకం అయినప్పుడు ఏ ఊరి మాటను అచ్చువేయాలన్న ఆక్షేపణ సహేతుకమే. అన్నింటినీ అచ్చువేయనక్కర్లేదు. ప్రతి పాఠం చివర ‘మా ఊళ్ళో ఏమంటాం?’ అని ఒక ఖాళీ గడి ఉంటే చాలు. వేదాద్రి పిల్లలు దాన్ని ఒక విధంగా నింపుతారు, పార్వతీపురం పిల్లలు మరో విధంగా నింపుతారు. రెండోది, తెలుగు పుటను అనువాదంగా కాక స్వతంత్ర రచనగా రాయించాలి. మూడోది, రెండు భాషల వాక్యనిర్మాణ భేదాలను ఉపాధ్యాయ శిక్షణలో పాఠ్యాంశం చేయాలి. ఇంగ్లీషు వచ్చిన ఉపాధ్యాయుడికి తెలుగు వాక్యం గురించిన ఎరుక కూడా ఉంటేనే విద్యార్థి తప్పు ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది.

ఇవేవీ ఇంగ్లీషును ఆలస్యం చేసేవి కావు. కల్లంలో ఇగిరిన తడి పేరు చెప్పగలిగిన విద్యార్థికి ‘ఇవాపొరేషన్’ ఒక కొత్త మాట మాత్రమే. ఆ పేరు బడి బయటే వదిలి రమ్మంటే, అదే మాట అతడు అర్థం తెలియక బట్టీపట్టే శబ్దంగా మిగులుతుంది.