టెంటు దించే విద్య

హైదరాబాదులో మా గాంధీనగర్ గల్లీలో ఒక ఇంటి ముందు టెంటు లేచిందంటే, ఆ ఇంట్లో ఏదో ఉందని పక్క వీధికి కూడా తెలిసిపోతుంది. ఎరుపు, పసుపు పట్టీల గుడ్డ, అంచుల వెంట కుచ్చులు కనిపిస్తే శుభకార్యం. సాదా గుడ్డ, దాని కింద వరసగా కుర్చీలు, గొంతు తగ్గించి మాట్లాడుకునే మనుషులు కనిపిస్తే ఇంక అడగక్కర్లేదు. ఫంక్షన్ హాళ్లు ఎన్ని వచ్చినా, చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా ఈ ఇరుకు వీధుల్లో మంగళస్నానాలు, ఒడిబియ్యం, పుట్టువెంట్రుకలు, పదకొండో రోజు భోజనాలు, వినాయక మండపాలు ఇప్పటికీ షామియానా కిందే జరుగుతున్నాయి.

టెంటు వేస్తుంటే చూసేవాళ్లుంటారు. పిల్లలు గుంజల చుట్టూ తిరుగుతారు, ఇంటి పెద్ద అరుగు మీద నిలబడి ఇటు జరపండి, అటు లాగండి అంటాడు. దించేటప్పుడు మాత్రం ఎవరూ ఉండరు. చుట్టాలు వెళ్లిపోయి ఉంటారు, ఇంటివాళ్లు అలసిపోయి తలుపు వేసుకుంటారు. ముగ్గురో నలుగురో కూలీలు వీధి దీపం వెలుతురులో ఆ పని చేసుకుని, ట్రాలీ ఆటో ఎక్కించుకుని వెళ్లిపోతారు. నన్నడిగితే ఈ వృత్తిలోని అసలు విద్య అంతా ఆ గంటలోనే ఉంది. వేయడం తప్పయితే అప్పటికప్పుడు కనిపిస్తుంది, సరిచేసుకోవచ్చు. దించడం తప్పయితే ఆ రాత్రి ఏమీ తెలియదు. వారం తర్వాత ఇంకొకరి ఇంటి ముందు, పెళ్లికూతురు నెత్తిన చిరుగై, బూజు వాసనై బయటపడుతుంది.

మన పాత పందిరికి ఈ బాధ లేదు. తాటాకో కొబ్బరాకో కప్పి, మామిడి కొమ్మలు కట్టి వేసిన పందిరి ఆ ఒక్క ఇంటిది. పని తీరాక ఆకు పొయ్యిలోకి పోతుంది, వాసాలు పెరట్లోకి పోతాయి. షామియానా అలా కాదు. నిన్న ఒకరిది, రేపు ఇంకొకరిది. అందుకే దాన్ని విప్పి, మడిచి, మోసి, మళ్లీ విప్పే చేతులు ప్రత్యేకంగా తయారయ్యాయి. మొగలుల కాలంలో వాళ్లను ఫరాషులనేవారు. అక్బరు విడిదిని గురించి ఐన్-ఇ-అక్బరీలో అబుల్ ఫజల్ రాసిన లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక విడిది సరంజామా కదలాలంటే 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు, 100 మంది మోతగాళ్లు కావాలి. వాటితోపాటు వెయ్యిమంది ఫరాషులు. షామియానా గురించి కూడా ఆయన ఒక మాట రాశాడు: రకరకాల కొలతల్లో చేస్తారు గానీ, 12 గజాల చదరం మించనివ్వరు. గుడ్డ మరీ పెద్దదైతే చేతులకు లొంగదన్నది ఈ పని చేసిన ఎవరికైనా తెలిసిన సంగతే.

ఔరంగజేబు వెంట కాశ్మీరు దాకా ప్రయాణం చేసిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ రాసింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పాదుషాకు డేరాలు రెండు జతలు. ఒకదానిలో ఆయన ఉండగానే రెండోది ముందు మజిలీకి వెళ్లిపోతుంది. అంటే ఈ రాత్రి పడుకున్న డేరా తెల్లారగానే విప్పుకుని, పాదుషాను దాటిపోయి, ఎల్లుండి మజిలీలో నిలబడాలి. మొత్తం ప్రయాణం నడిచేది విప్పే వేగం మీద, విప్పే పద్ధతి మీద. 1687లో గోల్కొండ చుట్టూ ఎనిమిది నెలలు మకాం వేసిన సైన్యం వెనక కూడా ఇలాంటి చేతులే ఉన్నాయి. ఫరాష్ అన్న ఉద్యోగం పేరు ఆరో వేతన సంఘం వచ్చేదాకా కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో వినిపించింది. అప్పటికి అది బల్లలు తుడిచే పనిగా మారిపోయింది. అసలు పని మాత్రం వీధిలోని టెంట్ హౌస్ కుర్రాళ్ల చేతుల్లో మిగిలింది.

ఆ కుర్రాళ్లు ఏ వరసలో దించుతారో ఒకసారి నిలబడి చూడండి. మంచి మేస్త్రీ ఉన్నచోట మొదట దిగేది గుడ్డ కాదు, కరెంటు. సీరియల్ బల్బులు, ఫ్యాన్లు, వాటి తీగలు ముందు ఆపి, విప్పి, చుట్టి పక్కన పెడతారు. ఇనప గుంజ, తెగిన తీగ, తడి నేల ఒకచోట కలిస్తే ఏమవుతుందో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత కుర్చీలు, జంపఖానాలు. జంపఖానా దులపకుండా చుట్టారంటే ఆ బృందంలో తొందర మనిషి ఎవరో ఉన్నట్టే. ఆ తర్వాత పక్క పరదాలు. పైకప్పు ఉండగానే పరదాలు తీసేయాలి. అప్పుడు గాలికి లోపల చిక్కుకోకుండా దారి దొరుకుతుంది.

ఇక పైగుడ్డ. ఇక్కడే చెయ్యి తిరిగినవాడికీ కొత్తవాడికీ తేడా తెలుస్తుంది. కొత్తవాడు తనకు దగ్గరగా ఉన్న గుంజ మొదట పీకేస్తాడు. తెలిసినవాడు ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూస్తాడు. గాలికి ఎదురుగా ఉన్న వైపు గుంజలు మొదట దించాలి. అప్పుడు ఆ అంచు నేలకు వాలి, గాలి పైనుంచి పోతూ గుడ్డను కిందికే నొక్కుతుంది. గాలి వచ్చే వైపు అంచు ఎత్తుగా ఉంచి ఇవతలి గుంజలు తీశారా, గాలి లోపల దూరి గుడ్డ తెరచాపలా ఉబ్బుతుంది. నలుగురి పట్టు కూడా ఆగదు, కుట్టు దగ్గర పిగులుతుంది. అయితే గుంజ ముందు దించినా, ఆ వైపు తాడు కట్టిన మేకు మాత్రం చివరిదాకా పీకకూడదు. గుంజ ముందు, మేకు చివర. ఈ ఒక్క సూత్రం పట్టుకున్నవాడి చేతిలో టెంటు ఎప్పుడూ ఎగిరిపోదు.

సిమెంటు రోడ్లు పడ్డాక మా వైపు గల్లీల్లో మేకు దిగే చోటే తక్కువ. నీళ్ల డ్రమ్ములకు, ఇసుక బస్తాలకు, ప్రహరీ గేట్లకు తాళ్లు కడుతున్నారు. కరెంటు స్తంభానికి మాత్రం ఎవరూ కట్టకూడదు, ఎవరినీ కట్టనివ్వకూడదు. తలల మీద తీగలు వేలాడే వీధిలో పొడుగు గుంజను ఒక్కడే దించబోవడం కూడా అంతే ప్రమాదం. ఇద్దరు పట్టుకుని, తీగలకు దూరంగా వాల్చాలి.

ముడి కోయడం అసలు పనికిరాదు. కోసిన ప్రతిసారీ తాడు జానెడు తగ్గుతుంది, చివరికి ఆ తాడు ఎక్కడికీ అందదు. అందుకే కట్టేటప్పుడే జారుముడి వేస్తారు. కొస పట్టి ఒక్క గుంజు గుంజితే విడిపోవాలి. విప్పడం ఎలాగో ఆలోచించి కట్టినవాడే మంచి పనివాడు. వాన మొదలవగానే తాళ్లు కాస్త వదులు చేసే అలవాటు కూడా పాతవాళ్లదే. నూలు తాడు, జనపనార తాడు తడిస్తే కురచబడతాయి. బిగించి ఉంచితే మేకునైనా పీకుతాయి, గుడ్డనైనా చింపుతాయి. ఇప్పటి నైలాన్ తాడు అలా బిగుసుకోదు, సాగుతుంది. దాన్ని వాన తర్వాత మళ్లీ బిగించాలి. తాడు మారితే పద్ధతి కూడా మారాలన్న సంగతి అందరూ గమనించడం లేదు.

గుడ్డ నేలకు దిగాక దాన్ని ఈడ్చకూడదు. రోడ్డు మీది కంకర పొడి ఒక్కసారి ఈడ్చినా నూలును ఎంత కొరికిపెడుతుందో చెప్పలేం. నాలుగు కొసలకు నలుగురు నిలబడి, బిగలాగి, ఒక్కసారి ఎగరేసి దులుపుతారు. ఆకులు, అక్షింతలు, పూలరేకులు రాలిపోతాయి. ఆ మీదట మడత. లోపలి ముఖం లోపలికి, దుమ్ము పట్టిన పై ముఖం బయటికి. అలా మడిస్తేనే రేపు పెళ్లివాళ్ల తల మీద కనిపించే వైపు శుభ్రంగా ఉంటుంది. 18 బై 36 అడుగుల గుడ్డయితే ముందు నిలువుగా, పట్టీల కుట్ల వెంట మడిచి, పొడుగాటి పట్టీగా చేసుకుని, దాన్ని సగానికి మడిచి, మూసిన కొస నుంచి తెరిచిన కొస వైపు మోకాళ్లతో నొక్కుతూ చుట్టుకొస్తారు. గాలి ముందుకు పారిపోతుంది, కట్ట చిన్నదవుతుంది. తెరిచిన కొస నుంచి మొదలుపెడితే గాలి లోపలే ఉండిపోతుంది, కట్ట బండిలో పట్టదు. కొలత రాసిన మూల పైకి కనిపించేలా కట్టాలి. లేదంటే రేపు పదిహేనడుగుల గుడ్డ కోసం కట్టలన్నీ విప్పాల్సి వస్తుంది.

టార్పాలిన్ సంగతి వేరు. దాన్ని ప్రతిసారీ ఒకే గీత మీద మడిస్తే ఆ గీత వెంటే పగులుతుంది, అందుకే మడతలు మారుస్తుండాలి. రంగులు పూసిన తెరలనైతే మడవనే కూడదు, చుట్టాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలై, ఊరూరా రంగస్థలాన్నే మోసుకుతిరిగిన సురభి నాటక కుటుంబాల తెరలు చూసినవాళ్లకు ఆ కోటలు, అడవులు, దర్బారులు ఎందుకు చుట్టలుగా దిగుతాయో అర్థమవుతుంది. మడత పడిన చోట రంగు రాలిపోతుంది.

బండి ఎక్కించడానికీ వరస ఉంది. అడుగున గుంజలు, వాటి పక్కన మేకుల బస్తా, అన్నిటి మీద గుడ్డ. తొందరలో మేకులను గుడ్డలో చుట్టి పడేసేవాళ్లున్నారు. ఆ పని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. బండి కుదుపుకు ఒక్కో మేకు ఒక్కో చిల్లు పెడుతుంది. వెళ్లేముందు మేకులు లెక్కపెట్టాలి. వీధిలో మరిచిపోయిన మేకు తెల్లారి ఏ స్కూటరు టైరులోకో, ఏ పిల్లవాడి కాలిలోకో దిగుతుంది.

ఇంత చేసినా గుడ్డ తడిగా ఉంటే చేసినదంతా వృథా. నూలును తినే బూజుకు కావలసింది తడి, చీకటి, గాలాడని చోటు. తడి గుడ్డ కట్టలో ఈ మూడూ దొరుకుతాయి. ఒకటి రెండు రోజుల్లోనే వాసన మొదలవుతుంది, తర్వాత నల్ల చుక్కలు వస్తాయి. అవి ఉతికినా పోవు. ఎర్ర పట్టీ రంగు పసుపు పట్టీలోకి దిగుతుంది. కూర మరక తుడవకుండా మడిస్తే గోదాములో ఎలుకలు సరిగ్గా ఆ మరక దగ్గరే కొరుకుతాయి. అందుకే వాన రాత్రి దించిన గుడ్డను మడవరు, వదులుగా బండిలో వేసుకుపోతారు. గోదాము చేరాక తీగల మీద ఆరేసి, తెల్లారి ఎండ రాగానే డాబా మీద పరుస్తారు. పూర్తిగా ఆరాకే అసలు మడత. ఆరిన కట్టలను కూడా నేల మీద పెట్టరు, చెక్కల మీద పేరుస్తారు.

హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. బోనాలు, వినాయక నవరాత్రులు వచ్చేది ఆ నెలల్లోనే. పెళ్లిళ్ల గుడ్డకు ఎండ శత్రువైతే, మండపాల గుడ్డకు పదకొండు రోజుల వాన శత్రువు. అనంత చతుర్దశి నాడు విగ్రహం హుస్సేన్‌సాగర్ దారి పట్టగానే వీధి ఖాళీ అవుతుంది. టెంటు మనుషులు మాత్రం తడిసి బరువెక్కిన టార్పాలిన్ల కింద మిగిలిపోతారు. ముందు పైన నిలిచిన నీళ్లను కర్రతో పొడిచి ఒక పక్కకు పారించాలి. ఆ బరువు ఉండగా గుంజ కదిలిస్తే మొత్తం మీద పడుతుంది.

ఇదంతా రోజూ జరిగే చోటు కూడా మాకు దగ్గర్లోనే ఉంది. ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌లో పొద్దున లేచిన టెంటు సాయంత్రానికి దిగిపోవాలి, మర్నాడు ఇంకో సంఘం వస్తుంది. 2017లో ప్రభుత్వం అక్కడ నిరసనలు ఆపించి, ఆ తర్వాత హైకోర్టు మాట మీద మళ్లీ అనుమతులు మొదలైనప్పుడు, నాయకుల మాటల గురించి చాలా రాశారు. ఆ ఎండలో వాళ్లకు నీడ కట్టి, చీకటి పడకముందే విప్పుకుపోయిన చేతుల గురించి ఎవరూ రాయలేదు.

ఈ జాగ్రత్తలు మన షామియానాకే కాదు. అమెరికాలో మన పిల్లలు వేసవి సెలవుల్లో కారు వెనక తగిలించుకుని వెళ్లే మడత గుడారం బండ్లున్నాయి. చూడటానికి చక్రాల పెట్టె. చేతి మర తిప్పితే పైకప్పు లేస్తుంది, రెండు పక్కలా పడకలు బయటికి జారతాయి, చుట్టూ గుడ్డ గోడలు. దాన్ని మూసేటప్పుడు పాటించేవీ ఇవే. పడకలు లోపలికి తోసి, కప్పును కొంచెం కొంచెంగా దించుతూ, చుట్టూ తిరిగి గుడ్డను లోపలికి సర్దాలి. అంచులో గుడ్డ నలిగిందా, అక్కడే చిరుగుతుంది, అక్కడి నుంచే వాన నీరు దిగుతుంది. తడిగా మూయాల్సి వస్తే ఇల్లు చేరగానే మళ్లీ తెరిచి ఆరబెట్టాలి. అక్కడ ఆ సంగతులు చెప్పే పుస్తకం బండితోనే ఇస్తారు. మన షామియానాకు పుస్తకం లేదు. మేస్త్రీ చెయ్యి చూసి కుర్రవాడు నేర్చుకుంటాడు. ఆ కుర్రవాడు ఇంకో నాలుగు రూపాయలు దొరికే పనికి వెళ్లిపోతే ఆ చదువు అక్కడితో ఆగిపోతుంది. ఇప్పుడు జరుగుతున్నది అదే. పాత నూలు గుడ్డ పోయి పల్చటి పాలిస్టర్ వచ్చింది, చిరిగితే పారేద్దామన్న ధోరణి వచ్చింది. నాకు ఇది నష్టంగానే కనిపిస్తోంది. బాగా ఆరబెట్టి, బాగా మడిచిన గుడ్డ ఏళ్ల తరబడి ఎన్నో ఇళ్లకు తక్కువ అద్దెకు నీడనిస్తుంది. ఫంక్షన్ హాలు ఖర్చు భరించలేని ఇల్లు పరువుగా పది మందికి అన్నం పెట్టగలగడం దానివల్లే.

మీ ఇంటి ముందు టెంటు వేయించుకున్నప్పుడు, చివరి చుట్టం వెళ్లగానే బయటి లైటు ఆర్పేయకండి. దించేవాళ్లకు ఆ వెలుతురు కావాలి. అర్ధరాత్రే ఖాళీ చేయమని తొందరపెట్టకండి, తెల్లారేదాకా ఉంచితే వీధికి పెద్ద అడ్డం కాదనుకుంటే ఉంచనివ్వండి. గుడ్డ తడిస్తే తడిసిందని టెంట్ హౌస్ వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. వాళ్లకు కూడా విస్తరి వేసి, తిన్నాకే పని మొదలుపెట్టమనండి. దించడానికి వేరే కూలి అడిగితే బేరమాడకుండా ఇవ్వండి.