సన్నసెగ మీద చాక్లెట్

నవంబరు నెలాఖరు వచ్చిందంటే అమెరికా దక్షిణాది రాష్ట్రాల కిరాణా దుకాణాల్లో కొన్ని సరుకులు వెనక అరల్లోంచి ముందుకొస్తాయి. వేయించిన పల్లీల డబ్బాలు, చాక్లెట్ చిప్స్ పొట్లాలు, విడివిడిగా కాగితాల్లో చుట్టిన క్యారమెల్ బిళ్లలు, ‘ఆల్మండ్ బార్క్’ అనే తెల్లని పలకలు. ఇవన్నీ ఒకే బుట్టలో కనబడితే ఆ ఇంట్లో ఏం జరగబోతోందో బిల్లు కొట్టే అమ్మాయికి కూడా తెలుసు. స్లో కుక్కర్‌లో అన్నీ పోసి మూత పెడతారు. రెండు గంటలయ్యాక కలిపి, చెంచాతో మైనపు కాగితం మీద ఉండలు ఉండలుగా పెడతారు. ఆరాక రేకు డబ్బాల్లో సర్ది ఇరుగుపొరుగుకూ, చర్చివాళ్లకూ, పిల్లల టీచర్లకూ, ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మ్యాన్‌కూ క్రిస్మస్ కానుకగా ఇస్తారు.

చాక్లెట్ పనిలో చేయి తిరిగినవాళ్లు దీన్ని మిఠాయి కింద లెక్కే వేయరు. పొట్లాలు విప్పి కుండలో పోయడం కూడా ఒక విద్యేనా అంటారు. నాకు మాత్రం ఇందులో చాలా తెలివి కనిపిస్తుంది. ఈ మిఠాయిలో పడే ప్రతి సరుకూ ఆ కుక్కర్‌కు చేతకాని ఏదో ఒక పనికి జవాబుగా వచ్చి చేరిందే.

ఆ కుక్కర్ కథ చిక్కుడు గింజలతో మొదలైంది. ఇర్వింగ్ నాక్సన్ అనే షికాగో ఇంజనీరుకు వాళ్లమ్మ తమ లిథువేనియా రోజుల ముచ్చట ఒకటి చెప్పింది. యూదులకు శనివారం విశ్రాంతి దినం, శుక్రవారం పొద్దుగూకాక పొయ్యి రాజేయకూడదు. అందుకని గింజలు, మాంసం, దుంపలు వేసిన చోలెంట్ కుండను ముందే తీసుకెళ్లి రొట్టెల బట్టీలో పెట్టేవాళ్లు. ఆరిపోతున్న బట్టీ వేడికే అది రాత్రంతా ఉడికేది. ఆ బట్టీ పనిని నాక్సన్ కరెంటు తీగతో చేయించాడు. 1936లో పేటెంట్‌కు దరఖాస్తు పెడితే 1940లో చేతికొచ్చింది. 1970లో కాన్సస్ సిటీకి చెందిన రైవల్ కంపెనీ అతని సంస్థను కొని, మరుసటి ఏడు అదే పాత్రను క్రాక్‌పాట్ పేరుతో బజారులోకి దింపింది. ఇంటిపనీ ఉద్యోగమూ రెండూ మోస్తున్న ఆడవాళ్లు దాన్ని వెంటనే అందుకున్నారు. పొద్దున మీట నొక్కి వెళ్తే సాయంత్రానికి కూర సిద్ధం.

కూరకు బాగానే ఉంది. మిఠాయి సంగతి వేరు. ఈ పాత్రలో వేడి పింగాణీ కుండ చుట్టూ ఉన్న తీగలోంచి వస్తుంది కాబట్టి అంచులు ముందు కాగుతాయి, నడుమ ఆలస్యంగా. ‘లో’ మీద పెట్టినా ‘హై’ మీద పెట్టినా చివరికి చేరేది మరుగు దగ్గరికే, పట్టే సమయంలోనే తేడా. అంతకు మించి వేడెక్కదు. కనుక ఇది వేయించలేదు, పాకం పట్టలేదు. పైగా లోపలి ఆవిరి మూతకు తగిలి నీటి బొట్లై మళ్లీ లోపలికే రాలుతుంది.

వేయించలేదు కాబట్టి పల్లీలు వేయించినవే కొనాలి. పచ్చివి వేస్తే గంటల తరబడి ఉంచినా పచ్చివాసన పోదు. ఉప్పు వేసినవి సగం, వేయనివి సగం కలపడం అక్కడి ఇళ్లలో మామూలు. ఆ ఉప్పే లేకపోతే రెండో ఉండకల్లా తీపి మొహం మొత్తుతుంది.

పల్లీ చవక సరుకు. డబ్బు పెట్టగలిగినవాళ్లు పీకాన్ పప్పు వేస్తారు. అక్రోటుకు దగ్గరి చుట్టమైన ఈ పీకాన్ అమెరికా గడ్డ మీదే పుట్టిన చెట్టు. అయితే అడవి చెట్ల కాయలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకదాని పెంకు పలచన, ఒకదానిది మందం. మంచి చెట్టు కొమ్మను అంటుకట్టి అదే రకాన్ని తోటగా పెంచే దారి చూపినవాడు ఆంట్వాన్ అనే బానిస తోటమాలి. 1840ల్లో లూసియానాలోని ఓక్ ఆలీ తోటలో ఆ పని చేశాడు. ఆ రకానికి 1876 ఫిలడెల్ఫియా శతవార్షిక ప్రదర్శనలో బహుమతి వచ్చి, ‘సెంటెనియల్’ అన్న పేరు స్థిరపడింది. అంటు కట్టినవాడి ఇంటిపేరు కూడా చరిత్రకెక్కలేదు. క్రిస్మస్ డబ్బాల్లో పీకాన్ పప్పు ఇంత ధారాళంగా కనిపించడం వెనుక అతని కత్తి ఉంది.

ఇక చాక్లెట్. చాక్లెట్ పటుక్కున విరగడానికీ, నిగనిగలాడడానికీ కారణం అందులోని కోకో వెన్న. అది గడ్డకట్టేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా ఏర్పడగలదు. మనకు కావలసింది ఐదో రకం, సుమారు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగేది. నాలుక మీద పెట్టగానే కరిగిపోయే గుణం దానిదే. ఆ రకాన్నే రప్పించాలంటే చాక్లెట్‌ను 45, 50 డిగ్రీలకు కరిగించి, 27కు చల్లార్చి, మళ్లీ 31కి తేవాలి. దీన్నే టెంపరింగ్ అంటారు. స్లో కుక్కర్‌కు ఇంత నాజూకు రాదు, ఉన్న స్ఫటికాలన్నిటినీ కరిగించేస్తుంది. ఆ చాక్లెట్‌ను అలాగే ఆరబెడితే మెత్తగా, మసకగా ఉండిపోయి, నాలుగు రోజుల్లో పైన తెల్లటి చారలు తేలతాయి.

ఆల్మండ్ బార్క్ అవసరం ఇక్కడే పడింది. పేరే గాని అందులో బాదం ఉండదు. కోకో వెన్న స్థానంలో పామ్ గింజల నూనెలాంటి కొవ్వు పోసి చేసిన పూత అది. మన ఊళ్లలో ఇంట్లో కేకులు చేసి అమ్మేవాళ్లు ‘కాంపౌండ్’ అని కొనే శ్లాబు ఈ జాతిదే. దీనికి టెంపరింగ్ అక్కర్లేదు, ఎలా కరిగించినా మళ్లీ గడ్డకడుతుంది. రుచి మైనానికి ఒక మెట్టు పైన, అంతే. అందుకే అసలు చాక్లెట్ కొంత కలుపుతారు. 900 గ్రాముల పల్లీలకు 900 గ్రాముల బార్క్, 340 గ్రాముల చిప్స్, ఓ 110 గ్రాముల తియ్యటి బేకింగ్ చాక్లెట్ అన్నది చాలా ఇళ్లలో చూసే కొలత. చిన్న చెంచాతో పెడితే ఉండలు 100 దాటతాయి. అసలు చాక్లెట్ పాలు ఇంకా పెంచుదామనుకుంటే మాత్రం పొరపాటే. ఆ రెండు కొవ్వులకూ పొత్తు కుదరదు, మిఠాయి మెత్తబడిపోతుంది.

వేసే వరసకూ లెక్క ఉంది. పల్లీలు అడుగున పరుస్తారు, కాలే పింగాణీకీ చాక్లెట్‌కూ మధ్య అవే అడ్డు. బార్క్, చిప్స్ పైన. మొదటి గంట కలపకూడదు, కలిపితే చాక్లెట్ అంచులకు చేరి మాడుతుంది. మూత కింద ఒక పొడి తువ్వాలు పరచి, దాని కొసలు పైకి మడిచి కట్టాలి. ఆవిరిని అది పీల్చుకుంటుంది. నాలుగు నీటి చుక్కలు పడ్డాయా, చాక్లెట్‌లోని చక్కెర రేణువులు ఒకదానికొకటి అతుక్కుని మొత్తం ఇసుక ముద్దైపోతుంది. అప్పుడు వేడి మీగడ ధారాళంగా పోసి సాస్‌గా వాడుకోవడమే. ఉండలు కట్టే ఆశ వదులుకోవాలి.

క్యారమెల్‌దే అసలు చిక్కు. చక్కెర దానంతటది కరిగి ఎర్రబడాలంటే 160 డిగ్రీలు దాటాలి. మీగడ, వెన్న పోసి కాచే నమిలే క్యారమెల్ కూడా 118 డిగ్రీల దాకా రావాలి. చన్నీళ్లలో ఒక బొట్టు వేస్తే వేళ్ల మధ్య గట్టి ఉండగా నిలవాలని అక్కడివాళ్ల గుర్తు. అరిసెలకు మనం చూసే ఉండపాకం పరీక్షే వాళ్లదీ. 100 దాటని పాత్రలో ఇది అయ్యే పని కాదు కాబట్టి తయారు బిళ్లలు కొని, రెండు చెంచాల మీగడతో కరిగిస్తారు.

అయితే వాటిని చాక్లెట్‌తో కలిపి తిప్పేవాళ్లను చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. క్యారమెల్‌లో తేమ ఉంటుంది, చాక్లెట్ ఇసుక ముద్దైపోవడానికి అది చాలు. పద్ధతి తెలిసినవాళ్లు ముందు క్యారమెల్‌లో పీకాన్ పప్పు కలిపి ఉండలు పెట్టి, ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, తర్వాత వేరుగా కరిగించిన చాక్లెట్ పైన పోస్తారు. దీన్ని టర్టిల్ అంటారు, పప్పులు తాబేటి కాళ్లలా బయటికి తొంగిచూస్తాయి కాబట్టి. పల్లీ, క్యారమెల్, చాక్లెట్‌ల పొత్తు ఇంకా పాతది. నాష్‌విల్‌లో 1912 నుంచీ అమ్ముతున్న గూగూ క్లస్టర్‌లో మార్ష్‌మాలోతో పాటు ఉన్నవి ఈ మూడే.

స్లో కుక్కర్ స్వయంగా చేయగల క్యారమెల్ కూడా ఒకటుంది. తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్‌ను గాజు సీసాల్లో పోసి, మూతలు బిగించి, నీళ్లలో పూర్తిగా మునిగేలా పెట్టి ‘లో’ మీద ఎనిమిది, పది గంటలు వదిలేస్తే తేనె రంగు తిరుగుతుంది. ఇక్కడ రంగు తెచ్చేది పాల ప్రోటీన్, పాల చక్కెరల కలయిక, దానికి మరుగు వేడి చాలు. కోవా కాచేటప్పుడు పాలు ఎర్రబారేదీ ఇలాగే. సీల్ తీయని డబ్బాను అలాగే మరిగించే అలవాటు కొందరికుంది. అది పేలితే ప్రమాదం, ఆ జోలికి పోవద్దు.

అమెరికాలో మనవాళ్ల వంటింట్లో స్లో కుక్కర్ కన్నా ఇన్‌స్టంట్ పాట్ ఉండే అవకాశమే ఎక్కువ. అందులోనూ స్లో కుక్ మీట ఉంటుంది గానీ, వేడి అడుగునుంచి వస్తుంది. పల్లీల పరుపు ఇంకాస్త మందంగా వేసి, అరగంటకోసారి చూసుకోవాలి. ఇక్కడ, మన ఎండల్లో చేస్తే ఉండలను ఫ్రిజ్‌లో దాచక తప్పదు. గాలి చొరని డబ్బాలో పెట్టి, బయటికి తీశాక డబ్బా చల్లదనం తగ్గేదాకా మూత తీయకుండా ఉంటే చెమర్చదు.

మన దేశంలో కోకో అన్నిటికన్నా ఎక్కువ పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా వేస్తారు. ఆ గింజలతో ఇప్పుడు హైదరాబాద్‌లో మంచి చాక్లెట్ తయారవుతోంది. అది దొరికితే ముక్క ముక్కగా విరుచుకు తినండి. ఈ కుక్కర్‌కు కాంపౌండ్ శ్లాబూ, అనంతపురం పల్లీలూ చాలు.