ఒక్క పాటకు ఏడు పేర్లు

నా చిన్నప్పుడు పోస్టుకార్డు 15 పైసలు. మూలన పులి బొమ్మ ఉండేది. వెనకవైపు ఖాళీలో సినిమా పేరు, పాట, దాన్ని కోరినవాళ్ళ పేర్లు, చివర 'కోయిలకుంట్ల, కర్నూలు జిల్లా' అన్నీ పట్టాలి. మా ఇంట్లో ఈ కార్డు రాసే పని నాది. అక్షరాలు గుండ్రంగా రాస్తానని పెద్దవాళ్ళు అనేవాళ్ళు గానీ, అసలు కారణం అది కాదు. ఒక్క పాటకు ఏడు పేర్లు ఇరికించే విద్య నా ఒక్కడికే పట్టుబడింది.

సినిమా పేరు ఎర్ర రీఫిల్‌తో, తక్కినదంతా నీలంతో రాయాలి. రేడియో స్టేషనులో ఉత్తరాల కట్టలు విప్పేవాళ్ళ కంట ముందు ఎరుపే పడుతుందని మా నమ్మకం. పేచీ అంతా పేర్ల వరస దగ్గరే. చదివే ఆమెకు మూడు పేర్లయ్యాక ఊపిరి అందదని, 'ఇంకా వారి మిత్రులు' అనేసి పాట పెడుతుందని మా అనుమానం. అందుకని నాలుగో పేరుగా ఉండటానికి ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. పెద్దనాయన కొడుకు పెద్దవాడు కాబట్టి మొదటిది వాడిది. పెన్ను నా చేతిలో ఉంది కాబట్టి రెండోది నాది. మూడోదానికి అక్కలిద్దరూ ఒక వారం ఒకరు, ఒక వారం ఒకరు.

ఏ పాట అడగాలన్నది ఇంకో లెక్క. కొత్త సినిమా పాటయితే ఎట్లాగూ వేస్తారు, గుంపులో మన పేరూ కొట్టుకొస్తుంది. ఎవరూ అడగని పాత పాటయితే, వేస్తే గిస్తే మన పేరొక్కటే వినబడుతుంది. మా అన్నది మొదటి పార్టీ, నాది రెండోది. రాసేది నేనైనా కార్డు కొనే పైసలు వాడివి కాబట్టి వాడే గెలిచేవాడు.

కార్డు పోయేది ఆకాశవాణి కడప కేంద్రానికి. 1963లో మొదలైన స్టేషను అది. మీడియం వేవ్‌లో 333.3 మీటర్లు, అంటే 900 కిలోహెర్ట్జ్. ఆ అంకె నాకు పదమూడో ఎక్కం కన్నా ముందొచ్చింది. ఇంగ్లీషులో చిరునామా రాస్తే మాత్రం 'కుడప్పా' అని చదువుకునేట్టుండే తెల్లదొరల స్పెల్లింగే. 2005 దాకా అదే నడిచింది. ఆ దొరలే 1858లో కోయిలకుంట్ల తాలూకాను కడప నుంచి తీసి కర్నూలు జిల్లాలో కలిపారు. 2022లో నంద్యాల జిల్లా అయ్యాం. పాటల విషయంలో మాత్రం మేమెప్పుడూ కడపవాళ్ళమే.

ఎండాకాలం సాయంత్రాలు రేడియో మిద్దె మీదికెక్కేది. గవాచి పక్కన పెట్టి, గరగర తగ్గేదాకా దాన్ని అటూ ఇటూ తిప్పేవాళ్ళం. సెల్లులు నీరసపడితే మధ్యాహ్నమే తీసి ఎండలో ఆరబెట్టాలి. మిరపకాయల పక్కన నాలుగు సెల్లులు ఎండుతుంటే, ఈ పొద్దు పాటలున్నాయని వీధికంతా తెలిసిపోయేది. పాటకు ముందు 'చిత్రం సాగర సంగమం, రచన వేటూరి, సంగీతం ఇళయరాజా' అని వరసగా చెప్పేవాళ్ళు. పాట రాసేవాడు ఒకడుంటాడన్న సంగతి మాకు బడిలో ఎవరూ చెప్పలేదు. అట్లా రేడియోలో విని నేర్చుకున్నదే. కడప లేని వేళ మా చిన్నాయన ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టేవాడు. సముద్రం అవతల నుంచి అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై తెలుగు వినబడితే, అదేదో మా పక్కవీధి మనిషి మాట్లాడినట్టుండేది.

పాటల కన్నా నాకు బాగా గుర్తున్నవి ఊళ్ళ పేర్లు. సంజామల, అవుకు, ఉయ్యాలవాడ, జమ్మలమడుగు, ఆళ్ళగడ్డ. పేపర్లో మా వైపు ఊరి పేరు పడిందంటే కరువన్నా అయ్యుండాలి, హత్యన్నా అయ్యుండాలి. ఏ చెడ్డకబురూ లేకుండా మా ఊళ్ళ పేర్లు పలికింది రేడియో ఒక్కటే. ఒకరి గడప ఒకరు తొక్కని ఊళ్ళు కూడా ఒకే పాట కోసం వరసలో నిలబడేవి. తర్వాత 1999లో సమరసింహారెడ్డి అనే ఫ్యాక్షన్ సినిమా వచ్చింది, దాని వెనక ఇంకెన్నో. హైదరాబాదులో నన్ను "మీ ఊళ్ళో బాంబులు చుడతారంట కదా" అని అడిగినవాళ్ళను లెక్కపెట్టడం మానేశాను. సాగర సంగమం పాట కోసం తగువులాడేవాళ్ళమని చెబితే నవ్వారు.

ఈ పేర్ల పిచ్చి మా ఒక్కరిదే కాదు. ఇప్పటి జార్ఖండ్‌లో ఝుమ్రీ తలైయా అనే అభ్రకం గనుల ఊరుంది. పాటలు కోరుతూ ఉత్తరాలు రాసీ రాసీ దేశమంతా పేరు తెచ్చుకుంది. అసలట్లాంటి ఊరు ఉందా, రేడియోవాళ్ళు కల్పించారా అనుకున్నవాళ్ళూ ఉన్నారు.

'ఆ రోజుల పాటలే పాటలు' అనేవాళ్ళతో నాకు పడదు. మేం ఎర్ర ఇంకుతో రాసిన సినిమాల్లో సగం ఇప్పుడెవరూ తలవరు. నాకే గుర్తు లేవు. మిగిలిన సగం ఫోన్లో దొరుకుతున్నాయి. పెడతాను, రెండో చరణం రాకముందే ఆపేస్తాను. అడక్కుండానే ఇంకోటి మొదలవుతుంది. అది ఎవరు కోరిన పాటో చెప్పేవాళ్ళు లేరు.

మా జేజికి సినిమా పాటలు పట్టేవి కావు. ఆమెకు తెలిసిన పాట ఒక్కటే. 1847 ఫిబ్రవరి 22న మా ఊళ్ళోనే ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద జనం పాడుకునేది. ఒకసారి అది రాయమంది. "సినిమా పాట కాదు జేజీ, వెయ్యరు" అని కొట్టేశాను. 2019లో ఆయన కథతో సైరా సినిమా వచ్చేనాటికి ఆమె లేదు.

ఇంకోసారి వచ్చి పక్కన కూర్చుంది.

"నా పేరు గూడ రాయి నాయనా."

"నీకేం పాట కావాల?"

"పాటేదైతే ఏందిరా. ఆ పెట్టె నా పేరు పలుకుతాదో ల్యాదో సూస్తా."

ఊళ్ళో అందరికీ ఆమె జేజే, లేదంటే ఫలానా వాళ్ళ కోడలు. ఆమె పేరు పెట్టి పిలిచేవాళ్ళు అప్పటికి ఎవరూ మిగల్లేదు. ఏడో పేరుగా రాశాను.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం మేమంతా కుందూలో ఈతకు పోయి సాయంత్రానికి ఇల్లు చేరాం. జేజి అరుగు మీద కూర్చోనుంది.

"వచ్చిందిరా నా పేరు."

"ఏ పాట జేజీ?"

"పాట ఎవురిన్యారు? పేరు ఇంటానే లేసి వీధిలోకి వచ్చినా, ఎవురికన్నా చెబుదామని."

మా అన్న నమ్మలేదు. మా పేర్లు రాకుండా ఏడోది ఎట్లా వస్తుందని వాడి వాదన. జేజి మాత్రం వారం రోజులు బావికాడ, కొట్టుకాడ చెప్పింది. ఆ గురువారం సోషల్ పుస్తకం తెరిస్తే కార్డు అందులోనే ఉంది. పులి బొమ్మ మీద ముద్ర పడలేదు.

జేజి పేరు మా వైపు వీధికి ఇద్దరికి ఉండేదే. కార్డు చొక్కాలో పెట్టుకుపోయి, ఎవరూ చూడకుండా డబ్బాలో వేసొచ్చాను.