దాద్ పోయి సనద్ వచ్చింది

ఉర్దూలో 'దాద్' అని ఒక మాట ఉంది. మెహఫిల్లో కవ్వాల్ ఒక మిస్రాను తిప్పి తిప్పి పాడుతుంటే, కూర్చున్నవాళ్ల నోటి నుంచి తెలియకుండానే వచ్చే 'వాహ్', 'క్యా బాత్ హై' అంతా దాదే. 'సనద్' అని ఇంకో మాట ఉంది. ముద్ర వేసి ఇచ్చే ధ్రువపత్రం. దాద్ పాటకు దక్కుతుంది. సనద్ మనిషికి ఇస్తారు. సోషల్ మీడియా వచ్చాక సంగీతకారుడికీ అభిమానికీ మధ్య దూరం తగ్గిందంటున్నారు. నిజమే, తగ్గింది. కానీ ఆ సంగీతకారుడు ముస్లిం అయితే, దగ్గరికొచ్చిన అభిమాని చేతిలో ఉన్నది దాదా, సనదా? ఇదీ మా ప్రశ్న.

దూరం ఉన్న కాలం బంగారు కాలమని మేం అనడం లేదు. రేడియో సిలోన్‌లో 1952లో మొదలైన బినాకా గీత్‌మాలాకు ఊరూరి నుంచీ ఉత్తరాలు రాసినవాళ్లు రఫీ గొంతునే అడిగారు, ఆయన నమాజు సంగతి అడగలేదు. అదే కాలంలో యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్‌ అనే పేరుతోనే తెర మీదికి రావలసి వచ్చింది. పేరు దాచుకోవలసిన భయం అప్పుడూ ఉంది. దానికి తిరగేసిన కథ కూడా ఉంది. పుట్టుకతో దిలీప్ కుమార్ అయిన మద్రాసు కుర్రాడు ఏ.ఆర్. రెహమాన్ అనే పేరుతో 1992లో 'రోజా'తో వచ్చాడు. దేశం ఆ పేరుతోనే ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. తెలుగువాళ్లయితే ఆ పాటల్ని డబ్బింగులోనే ప్రేమించారు.

అదే రెహమాన్ 2017లో లండన్‌లోని వెంబ్లీలో కచేరీ చేస్తే, తమిళ పాటలు ఎక్కువైనాయని కొందరు హిందీ శ్రోతలు ట్విటర్‌కెక్కి టికెట్ డబ్బులు వాపసు ఇమ్మన్నారు. కచేరీ పేరే తమిళంలో ఉంది! శ్రోత కొనుగోలుదారు అయ్యాడు. ఇక్కడి దాకా అది మార్కెట్ జబ్బు, ఏ కళాకారుడికైనా తగిలేదే. తర్వాతి మెట్టు మాత్రం మాకే ప్రత్యేకం. 2019 ఫిబ్రవరిలో 'స్లమ్‌డాగ్ మిలియనీర్' పదేళ్ల సందర్భంగా ముంబైలో సభ జరిగింది. రెహమాన్ కూతురు ఖతీజా ముఖానికి నఖాబుతో వేదికెక్కింది. కూతురి మీద తండ్రి రుద్దాడని సోషల్ మీడియా తీర్పు చెప్పేసింది. ఆయన భార్యాబిడ్డల ఫోటో పెట్టారు. అందులో ముఖం కప్పుకున్నది ఖతీజా ఒక్కతే. ఎంచుకునే స్వేచ్ఛ అని దానికి శీర్షిక. ఇది నా నిర్ణయమేనని ఆ అమ్మాయి స్వయంగా రాసింది. అయినా 2020లో తస్లీమా నస్రీన్ ఆ బుర్ఖా చూస్తే తనకు ఊపిరాడదన్నారు. మళ్లీ జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

మేం బుర్ఖాను సమర్థించడానికి ఇది రాయడం లేదు. మా ఇళ్లలోనే దాని మీద వాదనలున్నాయి, ఉండాలి. మేం అడిగేది ఇదే: ఖతీజా కూడా గాయని, సంగీత దర్శకురాలు. 2024లో 'మిన్‌మిని' సినిమాకు సంగీతం చేసింది. ఆమె స్వరం గురించి మాట్లాడినవాళ్లెందరు? ముఖం గురించి మాట్లాడినవాళ్లెందరు?

ఈ పద్ధతికి యంత్రం కూడా తోడు. 2017 నుంచి ఫేస్‌బుక్ కోపం బొమ్మతో సహా భావ చిహ్నాలకు లైక్ కన్నా 5 రెట్లు ఎక్కువ విలువ కట్టిందని 2021లో బయటికొచ్చిన ఆ సంస్థ అంతర్గత పత్రాలు చెప్పాయి. అంటే 'వాహ్' అన్నవాడి కన్నా పళ్లు కొరికినవాడి మాట ఎక్కువ మందికి చేరింది. 2022 ఫిబ్రవరి 6న ముంబై శివాజీ పార్కులో లతా మంగేష్కర్ భౌతికకాయం దగ్గర షారుఖ్ ఖాన్ దువా చదివి ఊదారు. చిన్నప్పుడు జ్వరమొస్తే మా నానమ్మలు మాకు ఊదినట్టే. ఆయన ఉమ్మాడా అని సోషల్ మీడియాలో విచారణ పెట్టారు. గాయని కోసం ఏడ్చే హక్కుకు కూడా సనద్ కావాలి.

తిట్టినప్పుడే కాదు, పొగిడినప్పుడూ సనదే. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరానికి చిరునామా అయ్యారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన శిష్య దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇలాంటివాళ్ల వీడియో కింద 'ముస్లింలంతా ఇలా ఉంటే గొడవే లేదు' అనే ధోరణిలో రాస్తారు. లౌకిక మిత్రులు 'మత సామరస్యానికి ప్రతీక' అని రాస్తారు. మనసు మంచిదే. కానీ ఆ ఊపిరి పట్టు గురించి, రాగం నడక గురించి ఒక్క మాట ఉండదు. ఒక జీవితకాలం సాధన మంచి ముస్లిం అనే ముద్రకు సరిపోయింది, అంతే.

మా వాళ్లూ తక్కువ తినలేదు. 2022లో ముజఫర్‌నగర్ ప్రాంతపు గాయని ఫర్మానీ నాజ్ శివుడి మీద పాట పాడి యూట్యూబ్‌లో పెడితే, షరియత్ ఒప్పుకోదని దేవ్‌బంద్ మౌలానా ఒకరన్నారు. ఆయన మాట పట్టుకుని అటువైపు వాళ్లు ఆమెను భుజాన వేసుకున్నారు. ఆ పాటను అంతకు ముందు ఒడిశా గాయని అభిలిప్సా పాండా పాడారు. ఆమె ఎలా పాడారు, ఈమె ఎలా పాడింది? విమర్శ అడగాల్సింది అది. ఎవరికి పట్టింది?

సోషల్ మీడియా చేసిన మేలు మేం మరిచిపోలేదు. హైదరాబాద్ వార్సీల కవ్వాలీ దర్గా గుమ్మం దాటి ఎక్కడెక్కడో చేరింది. 2022లో 'పసూరి' సరిహద్దు దాటి మన పెళ్లిళ్లలో మోగింది. 2025లో పహల్గాం హత్యాకాండ తర్వాత ఆతిఫ్ అస్లం లాంటి పాకిస్తానీ గాయకుల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలను భారతదేశంలో నిలిపేశారు. పాకిస్తాన్ పాటలు, సినిమాలు తీసేయమని మే 8న కేంద్రం సూచన ఇచ్చింది. చనిపోయినవాళ్ల దుఃఖం మా దుఃఖం కూడా. అయితే ఆతిఫ్ పాటలు విన్నవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు. ఎవరివైపు నువ్వు అన్న ప్రశ్న మాత్రం మా పిల్లల వైపే తిరుగుతుంది.

దాద్ అనే మాటకు ప్రశంస ఒక్కటే అర్థం కాదు. న్యాయం అని కూడా అర్థం. పూర్వం పాదుషాల దర్బారుకు ఫిర్యాదు తీసుకెళ్లినవాడు అడిగిందీ దాదే. ఇవాళ ముస్లిం కళాకారుడు శ్రోతను అడగాల్సిందీ అదే. కనుక, మాతో కలిసి నడుస్తున్న మిత్రులారా, రేపు కాలీషాబీ నాదస్వరం మీ ఫోన్‌లోకి వస్తే సామరస్యం గురించి రాయకండి. ఏ రాగమో చూడండి. ఎక్కడ బాగుందో, ఎక్కడ తగ్గిందో చెప్పండి. నచ్చకపోతే నచ్చలేదనండి. దానికి మేం బాధపడం. మా వాళ్లకూ మాది ఇదే మాట: హరామా హలాలా అని తీర్పు రాసేముందు ఒక్కసారి పాట పూర్తిగా వినండి.