ఊడివచ్చే పానెల్, మిగిలిపోయే ఖాళీ

బొమ్మలు దిద్దడానికో, పటాలు గీయడానికో, ప్రోగ్రాములు రాయడానికో ఉద్దేశించిన పెద్ద డెస్క్‌టాప్ అప్లికేషన్లలో ప్రధాన విండో అంచులను పట్టుకుని కొన్ని పానెళ్లు ఉంటాయి. రంగులు ఒకదానిలో, లేయర్లు మరొకదానిలో, ఫైళ్ల జాబితా ఇంకొకదానిలో ఉండగా, వాటిలో దేనినైనా శీర్షిక పట్టీ దగ్గర మౌస్‌తో పట్టి లాగితే అది విడివడి తెరపై వేరుగా నిలుస్తుంది, అంచుకు చేర్చి వదిలితే తిరిగి అతుక్కుంటుంది. అతుక్కోవడాన్ని డాకింగ్ అనీ, విడిగా నిలవడాన్ని ఫ్లోటింగ్ అనీ అంటారు. ఈ సౌకర్యాన్ని వర్ణించేవారు ఊడివచ్చిన పానెల్ గురించే మాట్లాడతారు గానీ, అది లేచిపోయిన చోట మిగిలే ఖాళీకి పూచీ ఎవరిదన్న ప్రశ్న దగ్గర ఆగరు. పనితనం తేలేది మాత్రం అక్కడే.

ఉచితంగా లభించే చిత్ర సవరణ సాధనం జింప్ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. పనిముట్ల పెట్టె, పానెళ్లు, చిత్రాలు అన్నీ అందులో చాలాకాలం వేర్వేరు విండోలుగానే ఉండేవి కాబట్టి, చివరి చిత్రాన్ని మూసివేస్తే పనివాడి ముందు పనిముట్ల పెట్టె మిగిలేది తప్ప పని జరిగే చోటంటూ ఒకటి మిగిలేది కాదు. 2008లో వచ్చిన 2.6 వెర్షన్‌లో పనిముట్ల పెట్టెకున్న మెనూను చిత్రం విండోలోకి మార్చి, ఏ చిత్రమూ తెరవనప్పుడు కూడా ఒక ఖాళీ విండో నిలిచి ఉండేలా చేశారు. అన్నింటినీ ఒకే విండోలో కూర్చే పద్ధతి 2012 నాటి 2.8లో ఐచ్ఛికంగా వచ్చి, 2018 నాటి 2.10లో సహజ స్థితిగా మారింది. వాడుకరుల దృష్టిలో పెద్ద మార్పు ఈ రెండోది కావచ్చు గానీ, దానికి నేల చదును చేసింది ఆ ఖాళీ విండోయే.

నార్వేలో పుట్టిన క్యూటీ అనే ప్రోగ్రామింగ్ సాధనసామగ్రిలో ఇదే సూత్రం నిబంధన రూపంలో కనిపిస్తుంది. అందులోని ప్రధాన విండోకు నాలుగు వైపులా డాక్ ప్రదేశాలు, నడుమ సెంట్రల్ విడ్జెట్ ఉంటాయి; విడ్జెట్ అంటే తెరపై కనిపించే బటన్, పెట్టె, జాబితా వంటి ఏ అంశమైనా సరే. నడుమ చూపవలసింది ఏదీ లేకపోయినా కనీసం స్థానం నిలిపే ఒక విడ్జెట్‌నైనా అక్కడ పెట్టాలని, అది లేని విండోకు మద్దతు లేదని క్యూటీ అధికారిక పత్రాలు స్పష్టంగా చెబుతాయి. అయినా అన్నీ పానెళ్లే ఉంటే చాలుననుకుని నడిమి భాగాన్ని దాచేసే ప్రోగ్రామర్లకు కొదవ లేదు. వాడుకరి చివరి పానెల్‌ను కూడా ఊడదీసిన రోజున ఆ విండోలో మెనూ, దాని కింద బూడిద రంగు తప్ప మరేమీ ఉండదు.

ఖాళీ చేయడం అనే పని లేఅవుట్ల దగ్గర మరింత చిక్కుగా ఉంటుంది. లేఅవుట్ అంటే విడ్జెట్లకు చోటు, కొలత నిర్ణయించే అమరిక మాత్రమే, వాటి యజమాని కాదు. లేఅవుట్ నుంచి ఒక విడ్జెట్‌ను తొలగించినంత మాత్రాన అది నశించదు, దాగనూ దాగదు; దానికి యజమానిగా ఉన్న మాతృ విడ్జెట్ అలాగే ఉంటుంది కాబట్టి, అది తన పాత చోటులోనే నిలిచి, కొత్తగా చేర్చినవాటితో కలగాపులగమై కనిపిస్తుంది. దాన్ని దాచడమో, మరొక అమరికలో చేర్చడమో, పూర్తిగా తొలగించడమో ప్రోగ్రామర్ స్వయంగా చేయవలసిన పని. తొలగించే పక్షంలో కూడా ఆ క్షణంలోనే కాక, చేతిలో ఉన్న సంఘటన ముగిసి అదుపు తిరిగి సంఘటనలను ఒక్కొక్కటిగా నడిపే ప్రధాన చక్రానికి వచ్చాక తొలగేలా కోరడం క్షేమం, ఎందుకంటే తొలగవలసిన బటన్ మీది నొక్కే ఆ తొలగింపును మొదలుపెట్టి ఉండవచ్చు. ఇక కేవలం దాచిన విడ్జెట్ సాధారణంగా తన స్థలాన్ని పొరుగువారికి వదిలేస్తుంది, దాంతో విండో అంతా ఒక్కసారిగా కదిలినట్లవుతుంది. దాగినా స్థలం నిలుపుకోమని చెప్పే వీలు క్యూటీ 5.2 నుంచి ఉంది. ఏది మేలన్నది పానెల్ ఎంత తరచుగా మాయమై తిరిగి వస్తుందన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి.

వెళ్లిన పానెల్ తిరిగి రావాలంటే దానికొక గుర్తు ఉండాలి. పాతకాలపు కిరాణా కొట్టును రాత్రి మూసేటప్పుడు వరుసగా దూర్చే చెక్క పలకల మీద అంకెలు వేసి ఉంచినట్లే, క్యూటీలో ప్రతి డాక్‌కూ వేరొకదానితో కలవని పేరు పెట్టాలి, ఎందుకంటే అమరికను భద్రపరచినప్పుడు, తిరిగి నిలిపినప్పుడు ఏది ఎక్కడిదో ఆ పేరును బట్టే పోల్చుకోవడం జరుగుతుంది. శీర్షిక ఎలాగూ ఉందికదా అని ఈ పేరును విస్మరించడం చాలామంది చేసే పొరపాటు. మూసిన పానెల్‌ను మళ్లీ చూపే మెనూ అంశాన్ని మాత్రం డాక్ తానే సిద్ధం చేసి ఇస్తుంది, దాన్ని మెనూలో చేర్చడం ఒక్క వరుస పని. అది కూడా చేయని అప్లికేషన్లు ఉన్నాయంటే బద్ధకం తప్ప వేరే కారణం కనిపించదు.

త్రిమితీయ చిత్రాల సాధనం బ్లెండర్ ఈ సమస్యను మరోలా దాటింది. అక్కడ విండో అంతా ఒకదానిపై ఒకటి పడని గదులుగా విభజన పొందుతుంది, ప్రతి గదిలోనూ ఏదో ఒక ఎడిటర్ ఉండి తీరుతుంది, ఒక గదిని మూయడమంటే పక్క గదిని అందులోకి విస్తరించడమే. ఖాళీకి తావే లేని ఈ పద్ధతి కట్టుదిట్టమైనదే గానీ, కొత్తవారికి అది అలవడడానికి సమయం పడుతుంది.

రెండు తెరలతో పనిచేసేవారు రెండో తెరను తీసివేసినప్పుడు, అక్కడ నిలిపిన పానెల్ కొన్నిసార్లు చూపుకు అందని చోట మిగిలిపోతుంది, భద్రపరచిన అమరిక ఆ తప్పునే మర్నాడు కూడా నిష్ఠగా తిరిగి నిలుపుతుంది. ఫోటోషాప్‌లోనూ విజువల్ స్టూడియోలోనూ అమరికను మొదటి స్థితికి తెచ్చే ఆదేశం విండో మెనూలోనే ఉండడానికి ఇటువంటి చిక్కులే తగిన కారణం. ఆ ఒక్క ఆదేశం లేకుండా, ఊడివచ్చే పానెళ్లున్న అప్లికేషన్‌ను ఎవరి చేతికీ ఇవ్వకూడదు.